ఆడని రీమేక్‌కి రెండో భాగం కావాలనడం తప్పా? 2014 రోబోకాప్ మీద నా జవాబు

కర్నూలులో ఇంజనీరింగ్ చదివే తమ్ముడొకడు అడిగాడు. 2014లో వచ్చిన రోబోకాప్ రీమేక్ తనకు బాగా నచ్చిందట. హాస్టల్లో ఆ మాట అంటే అందరూ ఎగతాళి చేస్తున్నారట. "జనమే తిప్పికొట్టిన రీమేక్‌కి సీక్వెల్ కావాలనడం తప్పా అన్నా? అసలు దానికి ఆ అర్హత ఉందా?" అన్నది ప్రశ్న. 1987 నాటి పాత రోబోకాప్ ఇంకా చూడలేదట, ఏది ముందు చూడాలో కూడా చెప్పమన్నాడు.

అర్హత ఉంది తమ్ముడూ. నిన్ను సంతోషపెట్టడానికి అనడం లేదు. ఆ సినిమాలో లోపాలు చాలానే ఉన్నాయి, వాటినీ చెబుతాను. అయినా ఈమధ్య వచ్చిన సైన్స్ ఫిక్షన్ రీమేక్‌లలో రెండో భాగం నిజంగా అవసరమైనది ఏదంటే నేను దీని పేరే చెబుతాను.

నేను సీడెడ్‌లో, అంటే పాత కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో, చాలాకాలం సినిమాల బుకింగ్ చూశాను. తెలుగు సినిమాలతో పాటు ఇంగ్లీష్ డబ్బింగ్ బొమ్మలూ చేతుల మీదుగా పోయాయి. సీక్వెల్ అనగానే మా లైన్‌లో మొదట అడిగేది కలెక్షన్ సంగతి. అందుకని ఆ లెక్క ముందు తేల్చేద్దాం.

1987 రోబోకాప్‌కి అయిన ఖర్చు సుమారు 1 కోటి 30 లక్షల డాలర్లు. ఒక్క అమెరికాలోనే 5 కోట్ల 30 లక్షలు వసూలు చేసింది. 2014 రీమేక్‌కి 10 కోట్ల డాలర్ల పైమాటే పెట్టారు. అమెరికాలో వచ్చింది 6 కోట్లకు కాస్త తక్కువ. చూడ్డానికి రెండు వసూళ్లూ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. కానీ అమెరికాలో సగటు టికెట్ ధర 1987లో 4 డాలర్ల లోపు, 2014లో 8 డాలర్ల పైన. అంటే కొత్త సినిమాకు థియేటర్‌కి వెళ్లిన జనం పాతదానితో పోలిస్తే సుమారు సగం. ప్రపంచం మొత్తం మీద 24 కోట్ల డాలర్లు వచ్చిందని ఆ సినిమాను వెనకేసుకొచ్చేవాళ్లు చెబుతారు. అది గ్రాస్. షేర్ వేరు. అమెరికాలో థియేటర్ల వాటా పోగా స్టూడియోకి దక్కేది సుమారు సగం. చైనాలో అయితే ఇలాంటి సినిమాలకు నాలుగో వంతే. రోబోకాప్‌కి చైనాలోనే సుమారు 5 కోట్ల డాలర్లు వచ్చాయి, అందులో స్టూడియో చేతికి ఎంత వచ్చి ఉంటుందో నువ్వే వేసుకో. పైన పబ్లిసిటీ ఖర్చు ఉంది. రివ్యూలు కూడా సగం అటు, సగం ఇటు.

ఈ లెక్క చూసి స్టూడియో వెనక్కి తగ్గిందంటే నేను తప్పు పట్టను. మొదటి భాగానికే బొటాబొటిగా వచ్చిన సినిమాకు రెండో భాగమంటే మా దగ్గర ఎగ్జిబిటర్, అంటే హాలు నడిపేవాడు, అడ్వాన్స్ ఇవ్వడు. ఆ స్థానంలో నేనున్నా ఇవ్వను.

కానీ నువ్వు అడిగింది అర్హత గురించి. సీక్వెల్ వస్తుందా అంటే అది డబ్బు పెట్టేవాడి ఇష్టం. రావాలా అంటే మాత్రం సినిమాలోకి వెళ్లి చూడాల్సిందే. ఏ రీమేక్ విషయంలోనైనా నేను చూసేది ఒకటే. అసలు సినిమా అడగని ప్రశ్న ఏదైనా ఇది అడిగిందా? అడిగి ఉంటే జవాబు చెప్పేసిందా, సగంలో వదిలేసిందా? ఆ మిగతా సగం వినాలని నిజంగా ఉందా? ఈ మూడింటికీ నిలబడిన రీమేక్ ఫ్లాపైనా దానికి రెండో భాగం ఉండాలి. నిలబడనిది సూపర్‌హిట్టయినా దాని రెండో భాగం వట్టి వ్యాపారమే.

చెప్పిన కథనే మళ్లీ చెప్పడం తప్పని మన సీమలో ఎవరూ అనుకోరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం అవే పౌరాణికాలను తరతరాలుగా ఆడుతూ వస్తోంది, జనం చూస్తూనే ఉన్నారు. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు 1957లో మాయాబజార్ తీసేనాటికి ఆ కథ తెలుగు తెరకు కొత్తేమీ కాదు. 1936లోనే ఒక మాయాబజార్ వచ్చింది. అయినా ఇవాళ మనకు గుర్తున్నది ఆయన సినిమానే. భారతంలో కథ అయ్యుండి పాండవులు తెర మీద ఒక్కసారైనా కనబడకుండా నడిపించాడాయన. పాత కథలో తనకు కావలసింది ఏదో, అక్కర్లేనిది ఏదో అంత గట్టిగా తెలిసిన దర్శకుడికి రీమేక్ అన్న మాట అడ్డు రాదు. అది తెలియనప్పుడే హాల్లో వెనక బెంచీ నుంచి "ఇది చూసిన బొమ్మే గదప్పా" అన్న మాట వస్తుంది. ఆ మాట వచ్చిందంటే సాయంత్రం ఆటకు హాలు ఖాళీ.

మరి 2014 రోబోకాప్ కొత్తగా ఏం తెచ్చిందో చూద్దాం.

పాత సినిమా కథ క్లుప్తంగా చెబుతాను, చూసేటప్పుడు నీకు అడ్డు రాని మేరకే. డెట్రాయిట్‌లో పోలీస్ వ్యవస్థను ఓసీపీ అనే కంపెనీ నడుపుతుంటుంది. మర్ఫీ అనే పోలీసును దొంగల ముఠా చంపేస్తుంది. కంపెనీ అతని శరీరాన్ని తీసుకుని జ్ఞాపకాలు తుడిచేసి యంత్రంగా మారుస్తుంది. ఆ యంత్రంలో మనిషి మెల్లగా మేలుకుంటాడు. అసలు సినిమా ప్రశ్న అది: అంతా తుడిచేశాక కూడా మనిషి మిగులుతాడా? దర్శకుడు పాల్ వెర్‌హోవెన్ దానికి జవాబు పూర్తిగా చెప్పేశాడు. చివరి సీను అయ్యాక చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అందుకే 1990లో, 1993లో వచ్చిన రెండు, మూడు భాగాలు అంతగా తేలిపోయాయి. గొప్ప సినిమా అయినంత మాత్రాన దానికి రెండో భాగం ఉండాలని లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రీమేక్ తీసిన జోసే పదిల్యా బ్రెజిల్ మనిషి. ఆయన కథను తిరగేశాడు. ఇందులో మర్ఫీ జ్ఞాపకాలు ఎవరూ తుడవరు. కళ్లు తెరిచేసరికే తానెవరో, భార్య ఎవరో, కొడుకు ఎవరో అన్నీ తెలుసు. మనిషి పూర్తిగా ఉన్నాడు. అతనికి తెలియకుండా లోపల్నుంచి మనిషిని కొద్దికొద్దిగా తీసేస్తూ పోతారు. ఇది పాతదానికి సరిగ్గా ఎదురు దారి. దీన్ని గమనించకుండానే చాలామంది "పాతదాని ముందు ఇదెంత" అని కొట్టిపారేశారు.

మూడు సీన్లు చెబుతాను. ఈసారి చూసినప్పుడు వాటి దగ్గర కాస్త ఆగు.

ఒకటి, మొదట్లో వచ్చే గిటార్ సీను. రెండు చేతులూ పోయిన ఒకతనికి డాక్టర్ నార్టన్ యంత్రపు చేతులు అమర్చి ఉంటాడు. అతను గిటార్ వాయిస్తుంటాడు, వేళ్లు చక్కగా ఆడుతుంటాయి, పక్కన భార్య కళ్లనిండా ఆనందంతో చూస్తుంటుంది. పాటలో లీనమయ్యేకొద్దీ వేళ్లు తడబడతాయి. ఉద్వేగం ఎక్కువైతే యంత్రం అర్థం చేసుకోలేదు, శాంతంగా ఉండు అంటాడు డాక్టర్. వాయించాలంటే నాకు ఆ ఉద్వేగమే కావాలి కదా అంటాడతను. సినిమా మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. నార్టన్‌గా వేసిన గ్యారీ ఓల్డ్‌మన్ ముఖంలో అప్పుడే ఒక ఇబ్బంది కనిపిస్తుంది. ఈ మనిషి మంచివాడే, కానీ నిధుల కోసం దేనికైనా ఒప్పుకుంటాడని అక్కడే అర్థమైపోతుంది.

రెండోది అద్దం సీను. మర్ఫీ తన ఒళ్లు చూపించమంటాడు. నార్టన్ ఒక్కో భాగాన్నీ ఊడదీయిస్తాడు. కాళ్లు పోతాయి, ఒక చేయి పోతుంది, ఛాతీ పోతుంది. చివరికి మిగిలేది ఒక ముఖం, దాని కింద ఉబ్బుతూ తగ్గుతూ ఉన్న ఊపిరితిత్తులు, గుండె, ఒక కుడి చేయి. ఆ చేయి మాత్రం ఎవరిదో తెచ్చి పెట్టినట్టు వేలాడుతుంది. నటుడు జోయెల్ కిన్నమన్‌కి అక్కడ ఒక్క ముఖమే ఉంది నటించడానికి. తనను చంపేయమంటాడు. పాత సినిమాలో డాక్టర్లు ఒక చేయి కాపాడామని సంతోషంగా చెబితే, అదెందుకు తీసేయండి అంటాడు కంపెనీ మనిషి. కొత్తదాంట్లో ఆ చేతిని ఉంచారు. ఉంచడం వల్ల బాధ ఇంకా ఎక్కువైంది. రీమేక్ చేసేవాడు అసలుదాన్ని బాగా చదివి, దానితో వాదనకు దిగాడనడానికి ఈ ఒక్క చేయి చాలు నాకు.

మూడోది అసలైనది. పరీక్షల్లో మర్ఫీ మామూలు రోబోల కన్నా నెమ్మదిగా ఉంటాడు, ఎందుకంటే కాల్చే ముందు ఒక క్షణం ఆలోచిస్తాడు. కంపెనీకి ఆ క్షణం నష్టం. నార్టన్ దానికో మార్గం కనిపెడతాడు. ముఖం మీదకు ముసుగు దిగగానే యంత్రమే నిర్ణయం తీసుకుంటుంది, యంత్రమే కాలుస్తుంది. కానీ ఆ పని తానే చేస్తున్నానని మర్ఫీకి అనిపించేలా మెదడుకు సంకేతాలు పంపుతుంది. ట్రిగ్గర్ నొక్కింది తానేనని అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. నొక్కింది అతను కాదు.

దీన్ని మించిన సైన్స్ ఫిక్షన్ ఆలోచన ఆ దశాబ్దపు పెద్ద హాలీవుడ్ సినిమాల్లో నాకు ఎక్కువ కనబడలేదు. మన నిర్ణయం మనదేనని మనకెలా తెలుసు? తప్పు జరిగితే శిక్ష ఎవరికి? పాత రోబోకాప్‌లో ఈ ప్రశ్న లేదు, ఇది పూర్తిగా రీమేక్ సొంతం.

ఇంత మంచి ప్రశ్న తెచ్చి సగంలో వదిలేసింది, లోపాల్లోకెల్లా పెద్ద లోపం అదే. రెండో సగంలో మర్ఫీ మెదడులో భావాలు పుట్టించే రసాయనాన్ని తగ్గించేస్తారు, భార్యాబిడ్డలు ఎదురొస్తే పట్టించుకోకుండా పోతాడు. తర్వాత భార్య కొడుకు పడుతున్న బాధ చెప్పగానే అతనిలో మనిషి మళ్లీ లేస్తాడు. ఎలా లేచాడు? కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు అతను సిస్టమ్‌ని దాటిపోతున్నాడని ఆశ్చర్యపోతారు. అంతే, ఆ తర్వాత సినిమా మామూలు తుపాకుల సినిమా అయిపోయింది. అతన్ని చంపబోయిన ముఠా నాయకుడు చీకట్లో జరిగే ఒక కాల్పుల సీనులో పోతాడు, పోయిన సంగతి కూడా సరిగా గుర్తుండదు. మైకేల్ కీటన్ వేసిన కంపెనీ అధినేత సెల్లర్స్ అప్పటిదాకా నమ్మదగిన వ్యాపారస్తుడిలా ఉండి, చివరి పది నిమిషాల్లో కథకు విలన్ కావాలి కాబట్టి విలన్ అయ్యాడు. పిల్లలూ చూడొచ్చన్న సర్టిఫికెట్ కోసం రక్తం కనబడనీయలేదు. 1987లో వెర్‌హోవెన్ సెన్సార్ వాళ్లతో పట్టుబట్టి దక్కించుకున్న ఘోరం ఉత్తి భయపెట్టడానికి కాదు, ఒక మనిషికి ఏం జరిగిందో మన ఒంటికి తెలియడానికి. రీమేక్‌లో ఆ దెబ్బ తగలదు.

టెహ్రాన్ వీధుల్లో అమెరికా రోబోలు ఇల్లిల్లూ తనిఖీ చేసే మొదటి సీనులో మాత్రం తగిలింది. కత్తి పట్టుకుని బయటికొచ్చిన ఒక పిల్లవాడి మీదికి యంత్రం తిరుగుతుంది, ఆ వెంటనే టీవీ ప్రసారం తెగిపోతుంది. ఆ ధైర్యం సినిమా అంతా ఉంటే ఇవాళ నువ్వు ఈ ప్రశ్న అడగాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు మిగతా రీమేక్‌లను పక్కన పెట్టి చూడు, తేడా తెలుస్తుంది. 2012లో వచ్చిన టోటల్ రీకాల్ కూడా వెర్‌హోవెన్ సినిమాకే రీమేక్. మార్స్ గ్రహాన్ని తీసేసి కథను భూమి మీదే ఉంచారు, భూమి మధ్యలోంచి పోయే పెద్ద లిఫ్ట్ లాంటిదొకటి పెట్టారు. హంగులు బాగున్నాయి. కానీ 1990 సినిమా అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగింది, అదీ నీరసంగా. దానికి సీక్వెల్ అడిగే మనిషి నాకు ఇంతవరకు ఎదురవలేదు.

2001 నాటి ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ సంగతి ఇంకా చిత్రం. టిమ్ బర్టన్ తీశాడు, 10 కోట్ల డాలర్లు పెడితే 36 కోట్లు వచ్చాయి. డబ్బు లెక్కన సీక్వెల్ రావాలి. చివర్లో హీరో భూమికి తిరిగొస్తే అబ్రహాం లింకన్ ఉండాల్సిన చోట కోతి విగ్రహం ఉంటుంది. పియరీ బుల్ 1963లో రాసిన మూల నవలకు కాస్త దగ్గరి ముగింపే అది. జనం మాత్రం తలలు పట్టుకున్నారు, ఎందుకంటే ఆ ముగింపుకు సినిమా లోపల దారి వేయలేదు. చూసేవాణ్ణి ఉలిక్కిపడేలా చేయడానికే పెట్టిన ముడి అది. విప్పడానికి రెండో భాగం తీయలేదు, మంచిదైంది. పదేళ్లాగి 2011లో మరో ప్రశ్నతో మొదలుపెట్టారు. ఒక కోతికి బుద్ధి వస్తే దాన్ని పెంచిన ఇంటితో ఆ కోతికి ఉండే బంధం ఏమవుతుంది అని. అది నిలబడింది, దాని వెనక ఇంకో మూడు సినిమాలు వచ్చాయి. కాబట్టి చివర్లో సస్పెన్స్ పెట్టినంత మాత్రాన సీక్వెల్‌కు అర్హత రాదు.

ఫ్లాప్ అన్న ముద్ర కూడా శాశ్వతం కాదు. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన ది థింగ్ అంతకుముందే 1951లో ఒకసారి సినిమాగా వచ్చిన కథ. ఈ.టీ. విడుదలైన రెండు వారాలకు వచ్చింది. మంచి గ్రహాంతరవాసిని చూసి మురిసిపోతున్న జనానికి ఇది నచ్చలేదు, విమర్శకులు దుమ్మెత్తి పోశారు, కోటిన్నర డాలర్ల సినిమాకు అమెరికాలో రెండు కోట్లు కూడా రాలేదు. ఇవాళ భయానక సైన్స్ ఫిక్షన్‌లో దాని పేరు చెప్పకుండా మాట్లాడలేం. దాని చివర్లోనూ ఒక ప్రశ్న మిగిలి ఉంటుంది, కానీ ఆ ప్రశ్న అలా మిగలడమే ఆ సినిమా. జవాబు చెబితే చెడిపోతుంది. కాబట్టి దానికి సీక్వెల్ అక్కర్లేదు. రోబోకాప్‌ది అలాంటి మౌనం కాదు, చెప్పాల్సింది చెప్పకుండా తుపాకుల వైపు వెళ్లిపోయింది.

సరే, రెండో భాగం దేని గురించి ఉండాలి? నా మనసులో ఉన్నది చెబుతాను.

మొదటి భాగం ముగిసేసరికి సెల్లర్స్ చనిపోయాడు. మర్ఫీ మళ్లీ నార్టన్ ల్యాబ్‌లోనే ఉన్నాడు. భార్యాబిడ్డలు చూడటానికి వస్తున్నారు. సుఖాంతంలా కనిపిస్తుంది. కానీ ఆ ఊపిరితిత్తుల్ని కడిగేదెవరు? రక్తం మార్చేదెవరు? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేదెవరు? ఆ ఖర్చు ఎవరిది? ఆ ఒళ్లు చట్టప్రకారం ఎవరి ఆస్తి? భార్య క్లారా ఒక కాగితం మీద సంతకం పెట్టింది. ఆ కాగితంలో ఏముందో రెండో భాగంలో చదివి వినిపించాలి.

నా వృత్తిలోంచి ఒక ఉదాహరణ చెబుతాను, దీన్ని నేను దగ్గర్నుంచి చూశాను కాబట్టి. రీళ్ల కాలంలో పెట్టె బస్సులోనో రైల్లోనో వచ్చేది. ప్రొజెక్టర్ హాలు ఓనర్‌ది, ఆపరేటర్ తెలివైనవాడైతే ఏ రిపేరైనా ఊళ్లోనే అయిపోయేది. డిజిటల్ వచ్చాక సినిమా హార్డ్ డిస్క్‌లోనో శాటిలైట్ ద్వారానో ముందే వచ్చి సర్వర్‌లో కూర్చుంటుంది. కానీ దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి ఎక్కడో దూరాన ఉన్న ఆఫీసు నుంచి రావాలి. ఆ తాళంచెవి ఆ ఒక్క సర్వర్‌కే, ఆ కొన్ని రోజులకే పనిచేస్తుంది. హాలు నీది, తెర నీది, కరెంటు బిల్లు నీది, బయట జనం క్యూలో ఉన్నారు. తాళంచెవి రాకపోతే బొమ్మ పడదు. మార్నింగ్ షో టైమ్‌కి తాళంచెవి రాక ఓనర్లు ఫోన్ పట్టుకుని పడే టెన్షన్ సీడెడ్‌లో బుకింగ్ చేసినవాళ్లందరికీ తెలుసు. మర్ఫీ ఒళ్లు అచ్చం ఆ హాలు లాంటిదే.

ఇది ఊహ కూడా కాదు. సెకండ్ సైట్ అనే అమెరికా కంపెనీ ఆర్గస్ 2 పేరుతో చూపు లేనివాళ్లకు కంట్లో అమర్చే పరికరం తయారుచేసింది. ప్రపంచంలో కొన్ని వందల మంది పెట్టించుకున్నారు. తర్వాత కంపెనీ ఆర్థికంగా దెబ్బతిని ఆ పరికరాన్ని వదిలేసింది. కంట్లో యంత్రం అలాగే ఉండిపోయింది, చెడిపోతే బాగుచేసే దిక్కు లేకుండా పోయింది. 2024 జనవరిలో న్యూరాలింక్ అనే కంపెనీ తొలిసారి ఒక మనిషి మెదడులో చిప్ అమర్చింది. 2014లో ఇవన్నీ సినిమా కబుర్లు. ఇప్పుడు రెండో భాగం తీస్తే ఇది వార్తాపత్రికలో చదివే విషయం.

ట్రిగ్గర్ ఎవరిదన్న ప్రశ్నా అంతే. 2016 జులైలో డల్లాస్‌లో ఐదుగురు పోలీసులను చంపిన వ్యక్తిని అక్కడి పోలీసులు రిమోట్ రోబోకి పేలుడు పదార్థం కట్టి పంపి చంపేశారు. 1987 రోబోకాప్ షూటింగ్ చాలావరకు జరిగింది ఆ డల్లాస్‌లోనే. 2022 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకులు ప్రాణం తీసే పనికి పోలీసులు రోబోలను వాడొచ్చని మొదట ఓటేశారు, జనం గొడవ చేస్తే వారంలోనే వెనక్కి తీసుకున్నారు. రీమేక్‌లో అమెరికా గడ్డ మీద రోబో పోలీసులను నిషేధించే డ్రైఫస్ చట్టం పేరుతో నడిచే వాదన ఇదే కదా. నువ్వున్న కర్నూలు పక్కనే, ఓర్వకల్లు దగ్గర డ్రోన్ల పరిశ్రమకు భూములిస్తున్నారు. నీ క్లాసులో కొంతమంది రేపు అక్కడే ఉద్యోగాల్లో చేరొచ్చు. పొలానికి మందు కొట్టే డ్రోన్‌కీ మనిషి మీదికి పంపే డ్రోన్‌కీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది అమెరికా సమస్యే అనుకుని ఊరుకోలేం. మీ హాస్టల్లో ఎగతాళి చేసేవాళ్లను ఈ సంగతి ఒక్కటి ఆలోచించమను.

మధ్యలో ఇంకో మాట, ఇది నాకు మొదట్నుంచీ మనసులో ఉన్నది. డెట్రాయిట్ పేరు చెప్పి పాత సినిమాను డల్లాస్‌లో తీశారు, కొత్తదాన్ని ఎక్కువగా కెనడాలోని టొరంటోలో తీశారు. ఊరి పేరు, ఊరి చెడ్డపేరు మాత్రం వాడుకున్నారు. కొండారెడ్డి బురుజు సెట్టు హైదరాబాద్‌లో వేసుకుని దాని ముందు కత్తులు తిప్పే సినిమాలు చూస్తూ పెరిగిన మనకు ఇది కొత్త కాదు. అయినా 2011లో డెట్రాయిట్‌లో రోబోకాప్ విగ్రహం పెట్టాలని అభిమానులు ఇంటర్నెట్‌లో చందాలు వేసుకుని 67 వేల డాలర్ల పైన పోగుచేశారు. తమ ఊరిని ఘోరంగా చూపించిన సినిమాలో కూడా ఆ ఊరివాళ్లకు తమదైనది ఏదో దొరికిందన్నమాట. రెండో భాగమంటూ వస్తే డెట్రాయిట్‌లో తీయాలని, ఆ ఊరి మనుషులు అందులో మాట్లాడాలని నాకు కోరిక.

తీస్తే ఎలా తీయాలన్నది కూడా అర్హతలో భాగమే. పది కోట్ల డాలర్లు అక్కర్లేదు, నాలుగో వంతు చాలు. మొదటి భాగంలో బాగున్న సీన్లన్నీ గదుల్లో జరిగినవే: గిటార్ గది, అద్దం గది, కంపెనీ మీటింగ్ గది. పెద్దగా ఖర్చయిన ఛేజింగులు ఎవరికీ గుర్తు లేవు. బడ్జెట్ తగ్గితే పిల్లల సర్టిఫికెట్ కోసం రాజీ పడాల్సిన పని ఉండదు. క్లారా పాత్రను ఏడవడానికే కాకుండా కథ నడపడానికి వాడాలి, సంతకం పెట్టింది ఆమే కాబట్టి కోర్టుకెళ్లాల్సిందీ ఆమే. మొదటి భాగంలో మర్ఫీ సిస్టమ్‌ని ఎలా దాటాడో తేల్చాలి. నిజంగా దాటాడా, దాటానని అనుకునేలా ఇంకెవరో చేశారా? ఈ అనుమానం ఒక్కటి చాలు, రెండు గంటల సినిమా నడుస్తుంది. మొదటి భాగంలో లోపంగా ఉన్నది కథకు మూలం అవుతుంది.

2018లో ఒక ప్రకటన వచ్చింది. నీల్ బ్లోంకాంప్ దర్శకత్వంలో 1987 సినిమాకు నేరుగా కొనసాగింపు తీస్తామని, అంటే మధ్యలో వచ్చిన సీక్వెల్స్‌నీ 2014 రీమేక్‌నీ లెక్కలోకి తీసుకోకుండా. 2019లో ఆయన తప్పుకున్నాడు. 2022లో ఎంజీఎం స్టూడియోను అమెజాన్ కొనేసింది, రోబోకాప్ హక్కులూ దానితో పాటే పోయాయి. ఇప్పుడు అందరికీ పాత పేరే కావాలి, పాత హెల్మెట్టే కావాలి. జవాబు పూర్తిగా చెప్పేసిన సినిమాను కొనసాగిస్తామంటారు, సగంలో ఆగిన సినిమాను వదిలేస్తామంటారు. నాకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది.

ఇక నీ రెండో ప్రశ్న. పాతదే ముందు చూడు. సెన్సార్ కోసం తీసేసిన భాగాలు కలిపిన డైరెక్టర్స్ కట్ దొరికితే అదే చూడు. మర్ఫీ చనిపోయే సీను చాలా క్రూరంగా ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే పెట్టొద్దు. మధ్యలో వచ్చే టీవీ ప్రకటనలను దాటేయకు, సినిమా సగం వాటిలోనే ఉంది. తర్వాత కొన్నాళ్లు ఆగి 2014ది మళ్లీ చూడు. వెంటవెంటనే చూస్తే పాత సూటుకీ కొత్త నల్ల సూటుకీ పోలికలు వెతకడంతోనే సరిపోతుంది. 1990 నాటి రెండో భాగం తీరిక ఉంటే చూడొచ్చు, అందులో ఒకట్రెండు మంచి ఆలోచనలున్నాయి. 1993 నాటి మూడోది వదిలెయ్. మొదటి రెండింట్లో రోబోకాప్‌గా వేసిన పీటర్ వెల్లర్ కూడా అందులో లేడు. రెండూ చూశాక ఆ ముసుగు దిగే సీను మీద నీకేమనిపించిందో రాయి, మీ హాస్టల్ వాళ్లనూ కూర్చోబెట్టి చూపించి వాళ్ల మాట కూడా రాయి.